పెరిగితే ఒక న్యాయం, తగ్గితే ఒక న్యాయం

మల్దకల్,
21 జనవరి 2024

సింధూ,

ఆడబిడ్డకు వదిన ఉత్తరం రాస్తే ముందుగాల కుశలమా అని అడగాలంట. నువ్వు కుశలంగనే ఉంటవు, నాకు తెల్సు. పేపర్ అచ్చయిన మనిషికి జలుబు గూడ దగ్గరికి రాదు.

నీ పరిశోధన పేపర్ అచ్చయిన పత్రిక చేరింది. మీ అన్న కొరియర్ కవరు గద్వాల బస్టాండు కాడనే చింపిండంట. ఇంగ్లీషు మీ అన్న ఎంత చదువుతడో నీకు తెల్సు, నాకూ తెల్సు. పైన పేరు చదివిండు, కింద నీ పేరు చదివిండు. వర్ధమాన దేశాల స్టాకు మార్కెట్లు ఎంత ఊగుతయి, ఫ్యూచర్స్ వ్యాపారం వచ్చినంక ఆ ఊగులాట ఏమయింది, గదే గద ముచ్చట? నేను అడిగితే "మస్తు పెద్ద సంగతి, నీకు తర్వాత చెప్త" అన్నడు. తెల్లారి తిమ్మప్ప గుడికి తీస్కపోయి దేవుని ముందర పెట్టిచ్చిండు. "మా చెల్లె సింధూజ రాసింది" అని పూజారికి గూడ చెప్పిండు. కుంకుమ నీ పేరు మీదనే పడ్డది. నేను తుడవలే.

వనపర్తిల ఎమ్మే ఎకనామిక్స్ ఒక్క బెంచీ మీద కూసొని చదివినం మనిద్దరం. చదువు అయినంక నేను మీ అన్నను చేసుకున్న, నువ్వు పీహెచ్‌డీ చేసుకున్నవు. ఎవరికి మంచిది దొరికిందో అత్తమ్మను అడగకు. ఆమె కొడుకు దిక్కే మాట్లాడుతది.

ఉత్తరం ఏంది, ఫోన్ లేదా అంటవేమో. ఫోన్ల నీతోని మాట్లాడుతుంటే మీ అన్న పక్కకొచ్చి కూసుంటడు, స్పీకర్ పెట్టుమంటడు. చెల్లె గొంతు వినాలంట. పైంగ నా ఫోను ఇప్పుడు పగటిపూట నా కాడ ఉండదు. ఎందుకని ఇప్పుడే అడగకు.

నాకొక కాపీ పంపు. ఇంట్ల ఉన్నది నాకు ఇస్తలేడు, నలుగుతదంట. నేను గూడ చదువుత. పైన పేరు కాదు, లోపల.

నీ వదిన,
శ్రుతి


వనపర్తి,
4 ఫిబ్రవరి 2024

వదినా,

నీ ఉత్తరంల సగం చక్కెర, సగం ఎండుకారం. రెండూ నాకు చేరినయి. రూముల ఒక్కదాన్నే కూసొని నవ్విన. పక్క రూము లెక్చరర్ మేడమ్ "ఏంది సింధూజా, పెండ్లి కుదిరిందా" అని అడిగింది. ఒక్కతి నవ్వితే ఈ ఊర్ల గదే అడుగుతరు.

కాపీ పంపుతున్న. చదువు. నీకు నేను ఫ్యూచర్స్ అంటే ఏందో చెప్పేదేముంది గాని, అమ్మ అడిగితే గిట్ల చెప్పు. వచ్చే నెల సరుకుకు ఈ నెలనే ధర కుదుర్చుకునుడు. సరుకు మొత్తానికి పైసలు కట్టే పని లేదు, ఎనిమిదోవంతు పెడితే చాలు. తక్కువ పెట్టి పెద్ద సరుకు పట్టొచ్చు కాబట్టి జూదగాళ్ళొచ్చి మార్కెట్‌ను ఊపుతరని కొందరంటరు. అట్ల కాదు, పదిమంది కండ్లు పడితే ధర తొందరగ కుదురుకుంటదని ఇంకొందరంటరు. నేను కొన్ని దేశాలు పట్టుకొని, ఫ్యూచర్స్ రాకముందు మార్కెట్ రోజూ ఎంత ఊగింది, వచ్చినంక ఎంత ఊగింది అని చూసిన. ఎక్కువ దేశాలల్ల తగ్గింది. గంతే నా పేపర్. గంతే అంటున్న గాని నాలుగేండ్లు పట్టింది.

అన్న ఫోన్ చేసిండు. "ఫ్యూచర్స్ వచ్చినంక మార్కెట్ నిమ్మళమైతదని నువ్వే రాసినవు గద?" అన్నడు. "అవును, లెక్కలల్ల అట్లనే వచ్చింది" అన్న. ఎంత మురిసిండో! ఇంతకుముందు నా చదువు గురించి అన్న ఒక్క ప్రశ్న అడగలే. ఇప్పుడు వారానికి రెండుసార్లు అడుగుతున్నడు.

ఒక్క మాట ఊకె చెప్తున్న, బాధ ఏం లేదు. మొన్న ఇంటికొచ్చినప్పుడు అమ్మ నన్ను "కూసో బిడ్డ, నీళ్ళు తాగుతవా" అన్నది. చుట్టాన్ని అడిగినట్టు. నిన్ను మాత్రం "ఏయ్ పిల్లా, ఇటు రా" అంటది. నా అర్రల నా పుస్తకాల బల్ల ఉన్నకాడ నీ కుట్టుమిషను ఉన్నది. బీరువా తాళంచెవి అమ్మ కొంగుకు ఉంటుండె, ఇప్పుడు నీ నడుముకు ఉన్నది. నేను మెస్సుల పప్పునీళ్ళు తాగుకుంట గివన్ని యాది చేసుకుంటున్న. పేపర్ అచ్చయిన మనిషికి జలుబు రాదు నిజమే. ఇంకేదో వస్తది.

నీ సింధూ


మల్దకల్,
17 మార్చి 2024

సింధూ,

నీ పేపర్ చదివిన. మొదటిసారి కుళ్ళుకుంట చదివిన. ఒక్కొక్క వాక్యం కాడ "ఇది నేనే రాస్తుంటి, ఇంకా మంచిగ రాస్తుంటి" అనుకుంట. దాంతోని పేపర్ అర్థం గాలే. మళ్ళ చదివిన. ఈసారి తప్పు దొరకాలెనని చదివిన. దొరికింది. దొరికినంక భయమైంది. నా కుళ్ళే నాకు తప్పు చూపిస్తుందేమోనని, కుట్టుమిషను పక్కకు జరిపి, నింపాదిగ ఇంకోసారి చదివిన. తప్పు తప్పులెక్కనే ఉన్నది.

విను. కొరియాల ఫ్యూచర్స్ వచ్చింది తొంభై ఆరుల. మరుసటేడు ఆసియా దేశాలన్ని కుప్పకూలినయి. ఆడ ఊగులాట పెరిగింది. నువ్వేమన్నవు? "ఇది సంక్షోభం వల్ల, ఫ్యూచర్స్ వల్ల కాదు" అని కింద చిన్న అక్షరాలల్ల రాసి పక్కకు పెట్టినవు. టర్కీల పెద్ద సంక్షోభం ముందుగాలనే వచ్చి పోయింది, ఫ్యూచర్స్ తర్వాత వచ్చినయి. ఆడ ఊగులాట తగ్గింది. గది మాత్రం ఫ్యూచర్స్ వల్లనే అన్నవు. జ్వరం దానంతట అది దిగుతుంటే, గప్పుడే మింగిన గోలీకి పేరు పెట్టినట్టు గాలేదా? పెరిగితే ఒక న్యాయం, తగ్గితే ఒక న్యాయమా?

ఒక పని చెయ్యి. ఒక్కటే దేశంల, ఒక్కటే మార్కెట్ల ఫ్యూచర్స్ ఉన్న కంపెనీలు ఉంటయి, లేని కంపెనీలు ఉంటయి. గవే ఏండ్లల్ల లేని కంపెనీల షేర్లు గూడ ఊగుడు తగ్గినయా? తగ్గితే నీ గోలీకి పేరు లేదు.

నీ కండ్లల్ల ఇప్పుడు నా కుళ్ళు మొఖం కనబడుతుండొచ్చు. కనబడనీ. నేను ఊకుందామనే అనుకున్న. జులైల నువ్వు పేపర్ చదివే సెమినార్ల ఎవరో ఒక సారు లేచి ఇదే అడిగి నీ పరువు తీస్తే చూడాలెనని గూడ ఉండె. గాని ఊకునేతట్టు లేదు. ఎందుకంటె మీ అన్న ఫ్యూచర్స్ కొంటున్నడు.

నా ఫోను నా కాడ ఎందుకు ఉండదో ఇప్పుడు చెప్త. నా ఫోన్ల ధరల చార్టు చూస్తడు, తన ఫోన్ల కొనే ఆర్డరు పెడతడు. పొద్దుగాల తొమ్మిదింటికెల్లి అర్ర తలుపు పెట్టుకుంటడు. విత్తనాల కంపెనీకి పండిచ్చిన సీడు పత్తి పైసలు వచ్చినయి చూడు, గవన్ని దాంట్లనే ఉన్నయి. మే నెలల మళ్ళ విత్తనానికి, మందులకు, కూలీలకు గవే ఆధారం. నేను "వద్దు, ఇది ఆగమయ్యే పని" అంటే ఏమన్నడో తెల్సా?

"నీకేం తెల్సు? సింధూ లెక్కలు చేసి రాసింది. మార్కెట్ నిమ్మళమైందని ఉన్నది దాంట్ల."

ఎమ్మేల నీకంటె నాకు నాలుగు మార్కులు ఎక్కువొచ్చినయని మీ అన్నకు తెల్వదు. పెండ్లయినకాడికెల్లి నేను చెప్పలే. గా దినం నాలిక చివరిదాంక వచ్చింది.

నువ్వు చెప్పు మీ అన్నకు. నీ మాటనే వింటడు. నా మాట వింటే నేను నీకు రాసేదాన్నే కాదు.

శ్రుతి


వనపర్తి,
2 ఏప్రిల్ 2024

శ్రీమతి శ్రుతి గారికి,

మీ ఉత్తరం అందింది. నా పేపర్‌ను ఇంత శ్రద్ధగా చదివినందుకు కృతజ్ఞతలు.

ఈ పేపర్‌ను అచ్చుకు ముందు ఇద్దరు నిపుణులు పరిశీలించారు. నా పరిశోధనకు గైడ్ అయిన మా మేడమ్ ప్రతి పట్టికనూ చూశారు. వాళ్ళెవరికీ కనిపించని తప్పు మల్దకల్‌లో కుట్టుమిషను పక్కన కూర్చున్న మీకు కనిపించింది. మీరు చదువు వదిలిపెట్టి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో ఈ రంగంలో ఏమేం మారాయో మీకు తెలిసే అవకాశం లేదు. తప్పు వెతకాలని చదివినట్టు మీరే రాశారు. వెతికేవాళ్ళకు దొరక్కుండా ఉంటుందా? కళ్ళు మండుతున్నప్పుడు తెల్ల కాగితం కూడా ఎర్రగానే కనిపిస్తుంది.

ఇక మా అన్న విషయం. ఆయన చిన్నపిల్లవాడు కాదు. నా పేపర్‌లో ఎవరినీ కొనమని నేను రాయలేదు. భార్యాభర్తల మధ్య మాటలకు నా చదువును అడ్డం పెట్టుకోవద్దని మనవి.

ఇట్లు,
ఎన్. సింధూజ

తా.క. అమ్మ మోకాలినొప్పి ఎట్లున్నది? నూనె అయిపోతే చెప్పు, ఈడ మంచిది దొరుకుతది.


తిమ్మాజిపేట,
16 జూన్ 2024

సింధూ,

నీ పుస్తకాల తెలుగు ఉత్తరానికి జవాబు రాయొద్దనుకున్న. అత్తమ్మ మోకాలు సంగతి ఒక్కటే ఒక కార్డు ముక్క మీద రాసి పంపిన, చేరే ఉంటది. ఇప్పుడు మా అమ్మగారింటికెల్లి రాస్తున్న. మా పిల్లను తీస్కొని నాగర్‌కర్నూల్ బస్సెక్కి వచ్చేసిన. ఏం జరిగిందో ఎవరో ఒకరు నీకు చెప్తరు. చెప్పేటోళ్ళు సక్కగ చెప్పరు, నేనే చెప్త.

ఎన్నికల లెక్కింపుకు ముందు సోమవారం మార్కెట్ ఆకాశానికి ఎక్కింది. మీ అన్న ఆ దినం ఇంట్ల పండుగ చేసిండు. పిల్లకు ఐస్‌క్రీం, అత్తమ్మకు జిలేబి. "చూసినవా?" అన్నడు నన్ను. ఉన్నదంత పెట్టి ఇంకా కొన్నడు. తెల్లారి మంగళవారం టీవీల లెక్కింపు మొదలైంది. పొద్దు ఎక్కుతుంటే మార్కెట్ దిగుతున్నది. మీ అన్న అర్రల తలుపు పెట్టుకొనే ఉన్నడు. నేను తలుపు కొట్టిన.

"ఇప్పుడన్న అమ్మెయ్యి" అన్న.

"ఆగు, మళ్ళ ఎక్కుతది."

"ఎక్కకుంటే?"

"ఎక్కుతది శ్రుతీ. ఇంత ఊగదు. ఊగదని ఉన్నది."

ఎక్కడ ఉన్నదో నేను అడగలే. జర సేపటికి ఫోనుకు బ్రోకరు కంపెనీ మెసేజి వచ్చింది. ఇంకా పైసలు కట్టు, లేకుంటే మేమే అమ్ముతం అని. కట్టనీకె ఏమున్నది? వాళ్ళే అమ్మిండ్రు. పడ్డకాడ, అట్టడుగుల. మీ అన్న రెండు ఫోన్లు మంచం మీద బోర్ల పెట్టి, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. పొద్దూకెదాంక లేవలే.

ఇంక అసలు ముచ్చట. తెల్లారికెల్లి మార్కెట్ మళ్ళ ఎక్కుడు మొదలుపెట్టింది. శుక్రవారానికి సోమవారం ఉన్నకాడికే వచ్చింది. టీవీల అందరు నవ్వుతున్నరు. వారం సగటు తీస్తే ఏం జరగనట్టే ఉంటది సింధూ. సగటు మీద బతికేటోళ్ళకు ఏం గాలే. ఎనిమిదోవంతు పెట్టి మొత్తం మోసినోడు మాత్రం మంగళవారం కాడనే పడి ఉన్నడు. నీ పట్టికల మా ఇల్లు కనబడదు.

వానలు మంచిగ పడ్డయి. చుట్టూత అందరు సీడు పత్తి పెడుతున్నరు. మా చేను ఒక్కటే ఎర్రగ ఖాళీగ ఉన్నది. మీ అన్న దాన్ని పెద్దన్న అనే ఊరాయనకు కౌలుకు ఇస్తనన్నడు. పెద్దన్న నిరుడు మన చేన్ల కూలికి వచ్చినోడే. నాకు దానికి నామోషి లేదు. ఎవరో ఒకరు దున్నాలె.

మరి పుట్టింటికి ఎందుకొచ్చిన? పైసలు పోయినందుకు కాదు. గా మంగళవారం నేను ఏడ్వలే. బుధవారం నేను ఒక్క మాటన్న. "మీ చెల్లె పేపర్ల తప్పున్నది, నేను మార్చిలనే పట్టిన" అని. మీ అన్న లేచి కూసున్నడు. మంగళవారం నుంచి అన్నం తినని మనిషికి యాడికెల్లి వచ్చిందో అంత గొంతు!

"నా ఖర్మ బాగలేక పోయింది. చెల్లె మీద మాత్రం ఒక్క మాట పడనియ్య. దాని చదువు చూసి కుళ్ళుతున్నవు నువ్వు."

గప్పుడు ఏడ్చిన. చేను పోతుంటే రాని ఏడ్పు గా మాటకు వచ్చింది. నా ఇంట్ల, నా మొగని మనసుల, ఇంత ఆగమైనంక గూడ నువ్వే ఎత్తు మీద ఉన్నవు. నేను కిందనే. అత్తమ్మ బస్టాండు దాంక వచ్చింది. "పో బిడ్డ, నాలుగు దినాలు ఉండి రా. వాడు రాకుంటే నేనే వస్త నీ కోసం" అన్నది.

కండ్లు మండుతున్నయని రాసినవు. మండుతున్నయి. కాదని ఎప్పుడన్న? మండే కండ్లతోనే చూసిన, అయినా సరిగ్గనే చూసిన.

శ్రుతి


వనపర్తి,
30 జూన్ 2024

వదినా,

ఉత్తరం చదివి అదే దినం మల్దకల్ పోయిన. అన్న గడ్డం పెంచిండు. నన్ను చూసి లేచి, చెప్పులు వెతుక్కున్నడు, బయటికి పోదామని. నేను గడపల అడ్డం కూసున్న.

"అన్నా, నేను రాసింది మార్కెట్ సంగతి. నీ సంగతి కాదు" అన్న.

"రెండూ ఒక్కటే అనుకున్న సింధూ."

"కాదు. ఊరు మొత్తం మీద సగటున మోకాలు లోతు నీళ్ళున్నయంటే, ఒక్క మనిషి మునగడని కాదు. నువ్వు ఫోన్ల అడిగినప్పుడే నేను చెప్పాలె. నువ్వు మురుస్తుంటే నాకు గూడ మురిపెం అయింది. చెప్పలే."

అన్న గోడకు ఆనుకొని కూసున్నడు. తర్వాత నీ పేరు తీసిండు. "ఆమె వద్దన్నది. మూడుసార్లు వద్దన్నది. ఆమెకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె" అని ఏడ్చిండు. వదినా, అన్న నా ముందర ఎన్నడూ ఏడ్వలే. నేను టైఫాయిడ్‌తోని దవాఖానల ఉన్నప్పుడు గూడ ఏడ్వలే. గంత దుఃఖంల గూడ నాకు ఏమనిపిచ్చిందో తెల్సా? "నా కోసం గిట్ల ఏడుస్తడా?" అనిపిచ్చింది. ఏం మనిషినో నేను.

నువ్వు చెప్పిన లెక్క చేసిన. ఫ్యూచర్స్ ఉన్న కంపెనీలు, లేని కంపెనీలు, అవే ఏండ్లు. రెండు రకాలవి గూడ ఊగుడు తగ్గినయి, ఇంచుమించు ఒక్క తీరుగనే. నా తేడా మాయమైంది. చేసింది తప్పేమోనని మళ్ళ మళ్ళ చేసిన. మాయమైంది మాయమైనట్టే ఉన్నది. మిగిలింది ఒక్కటే. మామూలు దినాలల్ల తేడా లేదు గాని, ఏదన్న పెద్ద వార్త పడ్డ దినం మాత్రం ఫ్యూచర్స్ ఉన్నవి ఎక్కువ ఊగుతున్నయి, తొందరగ ఊగుతున్నయి. నేను తీసుకున్న దేశాలల్ల అట్ల కనబడుతుంది, అంతకుమించి నేను చెప్పలేను. మంగళవారం అసొంటి దినాలు.

ఈ సంగతి ఎవరికీ చెప్పకున్నా నడుస్తది. పేపర్ అచ్చయింది, ఎవరూ అడగలే. నడిపిద్దామని ఒక పూట అనుకున్న గూడ. మేడమ్‌కు చెప్పిన. సెమినార్ల కొత్త లెక్కే పెట్టమన్నది.

నువ్వు ఇంటికి పో. అన్న రాలేకపోతున్నడు, సిగ్గుతోని. నువ్వే పోవాలంటే అన్యాయమే. అయినా పో.

సింధూ


మల్దకల్,
4 ఆగస్టు 2024

సింధూ,

నా అంతట నేను రాలే, మీ అన్ననే తిమ్మాజిపేటకు వచ్చిండు. గడ్డం గీసుకొని, మా అమ్మకు పండ్లు తీస్కొని, వాకిట్ల నిలబడ్డడు. "పోదమా" అన్నడు. గంతే. నేను పిల్ల బట్టలు సర్దిన. పెద్దన్నతోని ఇప్పుడు పొత్తుకు కలిసిండు. సీడు పత్తిల క్రాసింగు మొదలైంది. ముందుదినం మాపటికి ఆడపువ్వులు ఒలుస్తున్నం, పొద్దుగాల మగపువ్వులు తెంపి రుద్దుతున్నం. నేను, మీ అన్న, పెద్దన్న పెండ్లాం, అందరం ఒక్క సాల్ల. ఫోన్లు ఇంట్ల ఉంటయి. నాది నాకే ఉన్నది. అయినా ఇది ఫోన్ల మాట్లాడే సంగతి కాదు.

నీ సెమినారుకు మీ అన్న పాలమూరు వచ్చిండు గద. వచ్చిన మాపు నేను వంకాయలు తరుగుతుంటే పక్కకొచ్చి కూసొని మొదలుపెట్టిండు.

"శ్రుతీ, నువ్వు చూడాలె. అచ్చయిన తన పేపర్‌ల తప్పున్నదని తనే చెప్పింది సింధూ. కొరియాకు ఒక న్యాయం, టర్కీకి ఒక న్యాయం చేసిన అని తన నోటితోనే అన్నది. పెద్ద పెద్ద సార్లు లేచి చప్పట్లు కొట్టిండ్రు. తన తప్పు తనే పట్టుకునేటోళ్ళు ఎంతమంది ఉంటరు?"

తన తప్పు తనే.

నేను తరుగుకుంటనే ఉన్న. "ఇంకేమన్నది?" అని అడిగిన. "ఇంకెవరి పేరన్న చెప్పిందా?"

"మేడమ్ పేరు చెప్పింది. నన్ను లేపి, మా అన్న అని చూపిచ్చింది."

నా మాట, నా మాటల్లనే, అక్షరం మార్చకుండ, వందమంది ముందర. చెప్పిన నోరు నీది, చప్పట్లు నీకు. నేను ఈడ వంకాయలకు ఉప్పునీళ్ళు పోస్తున్న. పేపర్ అచ్చయినప్పుడు నాకు కుళ్ళయింది, నిజమే, గాని గది నీదని తెల్సు. ఇప్పుడు నాది నీ నెత్తి మీద పెట్టుకున్నవు. ఇప్పుడైన మంటకు ఏం పేరు పెట్టాలెనో నాకు తెల్వదు.

మీ అన్నకు నేను చెప్పలే. చెప్తే నమ్మడని కాదు. ఈసారి నమ్ముతడు. నమ్మినంక నీ మీద మనసు విరుగుతది. ఏండ్ల నుంచి నేను ఎదురుచూసింది గదే కావొచ్చు. చేతికి అందేకాడికి వచ్చినంక మాత్రం వద్దనిపిచ్చింది. నాకు గది కావాలె, నాకు గది వద్దు.

నా పేరు నీ నోటికి ఎందుకు రాలే? గదొక్కటి రాయి. సర్దిచెప్పకు.

శ్రుతి


వనపర్తి,
25 ఆగస్టు 2024

వదినా,

సర్దిచెప్పను.

మాట్లాడనీకె లేచినప్పుడు నీ పేరు నా కాగితం మీద ఉండె. కొరియా ముచ్చట దాంక వచ్చిన. ముందు వరుసల ఒక పెద్దసారు తలకాయ ఊపిండు. అందరు నన్నే చూస్తున్నరు. ఇప్పుడు "ఇది మా వదిన చెప్పింది" అంటే ఆ చూపులన్ని నా మీదికెల్లి లేచి మల్దకల్ పోతయి. పోనియ్యనీకె మనసొప్పలే. గా వరుస దాటేసి కిందిది చదివిన. మర్చిపోలే. మర్చిపోయిన అని రాద్దామని రెండు కాగితాలు చింపిన.

నాలుగు మార్కుల సంగతి నాకు తెల్సు. నువ్వు అన్నకు చెప్పలేదంటే, నేను గూడ చెప్పలే చూడు. క్లాసుల ప్రశ్న వేస్తే నువ్వు చేయి ఎత్తేదాంక నేను ఎత్తకపోయేది, నీ జవాబు విని నాది దిద్దుకునేది. నువ్వు మా ఇంటికి కోడలివై వస్తున్నప్పుడు నేను డ్యాన్స్ చేసిన, యాదున్నదా? అన్నకు మంచి పిల్ల దొరికిందని సగం. ఇంక పీహెచ్‌డీ సీటు కాడ నువ్వు ఉండవని సగం.

నీ ఉత్తరం వచ్చినంక మూడు పనులు చేసిన. అన్నకు ఫోన్ చేసి అంత చెప్పిన, నీ మార్చి ఉత్తరం చదివి వినిపిచ్చిన. ఏమన్నడో నేను రాయ, నువ్వే అడుగు. మేడమ్ కాడికి పోయి చెప్పిన. మేడమ్ కోపం చేయలే. కోపం చేస్తే మంచిగుండు.

"ఈ ప్రశ్న వేసినామె ఎక్కడ చదువుతున్నది?" అని అడిగింది.

"చదువుతలేదు మేడమ్. మల్దకల్ల ఉంటది."

"ఎందుకు?"

పెండ్లయిందని చెప్పబోయిన. మేడమ్ గూడ పెండ్లయిన మనిషే.

కొత్త పేపర్ ఇద్దరి పేర్ల మీద పోవాలన్నది. మేడమ్ కింద ఒక పీహెచ్‌డీ సీటు ఖాళీ ఉన్నది, నిన్ను అడగమన్నది. శుక్రవారం వనపర్తి కాలేజీకి వస్తదంట, ముందుగాల నీతోని మాట్లాడుతదంట. ఈ మాట నాకు చెప్పి పది దినాలైంది. నువ్వు అడిగినవు గద సర్దిచెప్పకుమని, అందుకే ఇది గూడ చెప్తున్న. ఉట్టి కవరు మీద నీ పేరు రాసి, బ్యాగుల పెట్టుకొని, పోస్టాఫీసు ముందరికెల్లే కాలేజీకి పోయిన, వచ్చిన. శుక్రవారం దాటిపోతే బాగుండు అనుకుంట.

నువ్వొస్తే నేను మళ్ళ రెండోదాన్నయిత. మేడమ్ నీ దిక్కు తిరిగి మాట్లాడుతది, నాకు తెల్సు. అన్న ఇద్దరి గురించి ఊరంత చెప్తడు, ముందు నీ పేరు చెప్తడు. నా కడుపు మండుతది. మూడో పని ఇదే, ఈ ఉత్తరం పోస్టు చేసుడు.

రా. మండితే మండనీ. రా.

సింధూ


మల్దకల్,
28 ఆగస్టు 2024

సింధూ,

ఉత్తరం ఇప్పుడే చేరింది. మీ అన్న పని మీద వనపర్తికి పోతున్నడు, ఈ కాగితం మాపటికల్ల నీ చేతిల పెడతడు.

ఏమన్నడో అడుగుమన్నవు. నేను అడగలే, తనే వచ్చిండు. చేన్ల సాలు మధ్యల నిలబడి, "నీకు ఇంత తెల్సని నాకెందుకు చెప్పలే?" అన్నడు. "చెప్పిన. నువ్వు మీ చెల్లె గొంతుల వస్తేనే విన్నవు" అన్న. తలకాయ వంచుకొని ఒక వరుస మొత్తం రుద్దిండు, ఒక్క పువ్వు గూడ ఇడవకుండ. తర్వాత, "నువ్వు పో. క్రాసింగు నేను, పెద్దన్న చూసుకుంటం. పిల్లను అమ్మ చూసుకుంటది" అన్నడు. అత్తమ్మను అడిగిన. "నా బిడ్డ ఒక్కతే పోయి ఒంటిగ అయింది. నువ్వు గూడ పోతే ఇద్దరైతరు" అన్నది.

పది దినాలు బ్యాగుల పెట్టుకున్నందుకు నీకు ఎప్పుడో చెప్త. నేనైతే శుక్రవారం దాటించేదాన్నే కావొచ్చు. గందుకే ఎక్కువ అనలేకపోతున్న.

శుక్రవారం పొద్దుగాల మొదటి బస్సుకు వస్తున్న. మెస్సుల పప్పునీళ్ళు తాగకు, సద్దరొట్టెలు తెస్తున్న. పేపర్ మీద రెండు పేర్లల్ల ఎవరి పేరు ముందుండాలెనో మేడమ్‌తోని నేనే మాట్లాడుత. నువ్వు పక్కకే ఉండు, విను.

శ్రుతి